పసుపు, సున్నపు తేటతో ఆమ్ల–క్షార రసాయనం: వెనిగర్ గాఢతను మీరే కొలిచేదాకా

ఆమ్లాలు, క్షారాలు, లవణాలు పాఠం పూర్తిచేసిన పదో తరగతి విద్యార్థిని ఒక్క ప్రశ్న అడిగి చూడండి. బలమైన ఆమ్లానికీ, గాఢమైన ఆమ్లానికీ తేడా ఏమిటి? లిట్మస్ రంగులు గడగడా చెప్పేసే పిల్లలు కూడా ఇక్కడ తడబడతారు. ఇందులో పిల్లల తప్పు లేదు. పీహెచ్ ఒకచోట, తటస్థీకరణం (ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడం) ఇంకోచోట విడివిడిగా చదువుతారు. ఆ రెండూ ఒకే ద్రావణాన్ని రెండు వేరు వేరు ప్రశ్నలు అడుగుతున్నాయన్న సంగతి ఎవరూ విడమరిచి చెప్పరు. ఇది తెలిస్తే పాఠంలో సగం బట్టీ పట్టాల్సిన అవసరమే ఉండదు.

ఈ వ్యాసం ఎనిమిది నుంచి పదో తరగతి వరకు చదివేవాళ్ల కోసం. దశలను వరసగా చేసుకుంటూ వెళ్తే, చివరికి పసుపు, సున్నపు తేట, సూది లేని సిరంజీ సాయంతో వెనిగర్‌లో ఎంత శాతం ఆమ్లం ఉందో మీ అంతట మీరే లెక్కగడతారు. మధ్యలో దశలు వదిలేసి చివరిదానికి దూకకండి. అక్కడ చేసే ప్రతి పనికీ కారణం ముందు దశల్లోనే ఉంది.

మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

సున్నాన్ని తేలిగ్గా తీసుకోకండి. తాంబూలంలో వేసుకునేదే కదా అనిపిస్తుంది కానీ, అది కంట్లో పడితే చూపు దెబ్బతినే ప్రమాదం ఉంది. కళ్లద్దాలు పెట్టుకోండి. పొరపాటున పడితే వెంటనే చాలాసేపు ధారగా నీళ్లతో కడిగి, ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. రాతి సున్నం ముట్టుకోకండి, అది నీళ్లు తగిలితే సలసలా కాగుతుంది. బాత్‌రూమ్ యాసిడ్ ఈ ప్రయోగాల్లో ఎక్కడా వాడం. దాన్ని బ్లీచింగ్ పౌడర్‌తో గానీ బ్లీచ్ ద్రవంతో గానీ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. స్కూలు ల్యాబ్‌లో ఆమ్లాన్ని పలచన చేయాల్సి వస్తే ఎప్పుడూ నీటిలోకి ఆమ్లం కొద్దికొద్దిగా పోయాలి. ఆమ్లంలోకి నీళ్లు పోస్తే పుట్టే వేడికి అది చిమ్ముతుంది. ఇంట్లో చేసేటప్పుడు పెద్దవాళ్లెవరైనా పక్కన ఉండాలి.

1. ఆమ్లత్వం నీటిలోనే బయటపడుతుంది

కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు అని అమ్మే తెల్లటి పలుకులు సిట్రిక్ ఆమ్లం. అర చెంచా నిమ్మ ఉప్పు, అర చెంచా వంట సోడా బాగా పొడిగా ఉన్న గిన్నెలో కలపండి. ఒకటి ఆమ్లం, ఒకటి క్షార గుణమున్న లవణం. అయినా ఏమీ జరగదు. ఇప్పుడు ఒక చెంచా నీళ్లు పోయండి. బుస్సుమని పొంగుతుంది, గిన్నె చల్లబడుతుంది కూడా. చేత్తో పట్టుకుని చూడండి.

పొడిగా ఉన్నప్పుడు జరగనిది నీళ్లు పోయగానే ఎందుకు జరిగింది? నీటిలో కరిగినప్పుడే ఆమ్లం నుంచి హైడ్రోజన్ అయాన్ విడివడుతుంది. అసలు చర్య ఆ అయాన్‌దే. 1884లో స్వీడన్‌కు చెందిన స్వాంటే అరీనియస్ తన పరిశోధన గ్రంథంలో, కొన్ని పదార్థాలు నీటిలో కరిగితే విద్యుదావేశమున్న అయాన్లుగా విడిపోతాయని చెప్పాడు. పరీక్షకులు దానికి అత్తెసరు మార్కులే వేశారు. దాన్నుంచి వచ్చిన సిద్ధాంతానికే 1903లో నోబెల్ బహుమతి దక్కింది. ఆయన లెక్క ప్రకారం నీటిలో హైడ్రోజన్ అయాన్లను ఇచ్చేది ఆమ్లం, హైడ్రాక్సైడ్ అయాన్లను ఇచ్చేది క్షారం.

పరీక్షలో తరచూ అడిగే రెండు విషయాలు ఇక్కడే తేలిపోతాయి. పొడి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు పొడి లిట్మస్ కాగితం రంగు మార్చదు, ఎందుకంటే అక్కడ నీళ్లు లేవు. గ్లూకోజ్‌లో, ఆల్కహాల్‌లో హైడ్రోజన్ ఉన్నా అవి ఆమ్లాలు కావు, ఎందుకంటే వాటి హైడ్రోజన్ నీటిలో అయాన్‌గా విడిపోదు. పేరులో, ఫార్ములాలో హైడ్రోజన్ ఉందా అని కాదు, అది విడిపోతుందా అని చూడాలి.

విడిపోయిన హైడ్రోజన్ అయాన్ ఒంటరిగా ఉండదు. నీటి అణువును పట్టుకుని హైడ్రోనియం అయాన్ అవుతుంది. రాసేటప్పుడు సౌలభ్యం కోసం హైడ్రోజన్ అయాన్ అంటాం. 1923లో బ్రాన్‌స్టెడ్, లౌరీ విడివిడిగా ఇంకాస్త విశాలమైన నిర్వచనం ఇచ్చారు: ప్రోటాన్‌ను, అంటే హైడ్రోజన్ అయాన్‌నే, ఇచ్చేది ఆమ్లం, తీసుకునేది క్షారం. తనలో హైడ్రాక్సైడ్ లేకపోయినా అమ్మోనియా ఎందుకు క్షారమో దీనితో అర్థమవుతుంది. అది నీటి నుంచి ప్రోటాన్ లాక్కుంటుంది, నీటి దగ్గర హైడ్రాక్సైడ్ మిగులుతుంది.

2. సూచికలు తయారు చేసుకోండి

పెళ్లికూతురి కాళ్లకు పెట్టే పారాణి, హారతి పళ్లెంలో ఎర్రనీళ్లు ఎలా చేస్తారో ఇంట్లో అమ్మమ్మనో నానమ్మనో అడగండి. పసుపులో సున్నం కలుపుతారు. పసుపులో ఉండే కర్‌క్యుమిన్ ఆమ్లంలో, తటస్థ ద్రావణంలో పసుపుగానే ఉండి, పీహెచ్ సుమారు 7.4 నుంచి 8.6 మధ్యలో ఎరుపు వైపు తిరుగుతుంది. (పీహెచ్ 7 అంటే తటస్థం, అంతకంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. వివరం మూడో దశలో.) చొక్కా మీద పడిన పప్పుచారు మరక సబ్బు తగలగానే ఎర్రబడి, బాగా జాడించాక మళ్లీ పసుపు రంగుకు రావడం కూడా ఇదే. రంగు మార్పు రెండు వైపులా నడుస్తుందన్న మాట. ఆమ్లమో క్షారమో రంగుతో చెప్పే పదార్థాన్ని సూచిక అంటాం, దానికి ఉండాల్సిన గుణం అదే.

పసుపు సూచిక: పావు చెంచా పసుపును రెండు చెంచాల సర్జికల్ స్పిరిట్‌లో కలిపి పది నిమిషాలు కదపకుండా ఉంచి, పైన తేరిన తేట తీసుకోండి. కర్‌క్యుమిన్ నీటిలో సరిగా కరగదు, స్పిరిట్‌లో బాగా కరుగుతుంది. స్పిరిట్‌కు ఇట్టే నిప్పంటుకుంటుంది, కాబట్టి పొయ్యి దగ్గర ఈ పని వద్దు.

మందార సూచిక: నాలుగైదు ఎర్ర మందార పూల రేకలను వేడినీళ్లలో పావుగంట నానబెట్టి వడగట్టండి. ఇది ఆమ్లంలో ముదురు గులాబీ రంగుకు, క్షారంలో ఆకుపచ్చకు మారుతుంది. శంఖపుష్పం దొరికితే ఇంకా బాగుంటుంది. మామూలు నీటిలో నీలంగా, నిమ్మరసంలో ఊదా–గులాబీగా కనిపిస్తుంది.

కాగితం పట్టీలు చేసుకునేవాళ్లు ఒక సంగతి గమనించాలి. ప్రింటర్‌లో వాడే తెల్ల కాగితాల్లో చాలావాటికి కాల్షియం కార్బనేట్ కలుపుతారు. మందార రసం పూయగానే ఆ కాగితమే రంగును మార్చేస్తుంది. వడపోత కాగితం వాడండి, లేదా తెల్ల పింగాణీ పళ్లెంలో చుక్కలుగా వేసి చూడండి.

ఇప్పుడు నిమ్మరసం, చింతపండు పులుసు, మజ్జిగ, ఉప్పు నీళ్లు, వంట సోడా నీళ్లు, బట్టల సబ్బు నీళ్లు, సున్నపు తేట (తయారుచేసే పద్ధతి ఆరో దశలో ఉంది), వీటన్నిటికీ రెండు సూచికలనూ వేసి రంగులు పట్టికలో రాసుకోండి. రెండు చోట్ల ఆగి ఆలోచించాలి. ఒకటి: పసుపు మజ్జిగలోనూ పసుపే, ఉప్పు నీటిలోనూ పసుపే. కాబట్టి పసుపు మారలేదంటే అది క్షారం కాదని చెప్పగలం తప్ప, ఆమ్లమని చెప్పలేం. ఆ తేడా మందార చూపిస్తుంది. రెండు: సున్నపు తేటలో చటుక్కున ఎర్రబడే పసుపు, వంట సోడా నీళ్లలో అటూ ఇటూ కాని నారింజ రంగు దగ్గర ఆగుతుంది. వంట సోడా ద్రావణం పీహెచ్ 8.3 ప్రాంతంలో ఉంటుంది, అంటే పసుపు మారే హద్దుల మధ్యలోనే. ప్రతి సూచికకూ తనదైన హద్దులు ఉంటాయి. ఆరో దశలో ఈ విషయమే అక్కరకొస్తుంది.

దీనికి దగ్గరి ఇంకో ఉదాహరణ. పసుపులో కల్తీగా కలిపే మెటానిల్ ఎల్లో అనే రంగు కూడా ఒక సూచికే, కానీ అది బాగా ఎక్కువ ఆమ్లత్వంలోనే గులాబీ రంగుకు మారుతుంది. అందుకే కల్తీని పట్టడానికి ల్యాబ్‌లో హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలు వేస్తారు. నిమ్మరసం వేసి రంగు మారలేదు కాబట్టి పసుపు మంచిదే అనుకోకూడదు.

3. పీహెచ్ అంటే ఏం లెక్కపెడుతున్నాం?

1909లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో పనిచేస్తున్న సోరెన్‌సెన్ పీహెచ్ స్కేలును ప్రవేశపెట్టాడు. హైడ్రోజన్ అయాన్ల గాఢత 0.001, 0.0000001 లాంటి ఇబ్బందికరమైన సంఖ్యల్లో ఉంటుంది. వాటిని పది ఘాతాల్లో రాసి, ఘాతం ముందున్న రుణ గుర్తు తీసేస్తే మిగిలేదే పీహెచ్. లీటరుకు 10⁻³ మోల్ అయాన్లుంటే పీహెచ్ 3, 10⁻⁷ మోల్ ఉంటే 7. (డజను లాగే మోల్ కూడా ఒక లెక్క, అణువులను, అయాన్లను లెక్కపెట్టడానికి. లీటరుకు ఎన్ని మోల్‌లో చెప్పేది మోలార్.)

స్కేలుపై ఒక్క మెట్టు అంటే పది రెట్లు. పీహెచ్ 3 ఉన్న ద్రావణంలో పీహెచ్ 5 ఉన్నదాని కంటే రెండు రెట్లు కాదు, వంద రెట్లు ఎక్కువ హైడ్రోజన్ అయాన్లు ఉంటాయి. పరీక్షలో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే.

25 డిగ్రీల దగ్గర ఏ జల ద్రావణంలోనైనా హైడ్రోజన్ అయాన్ గాఢతనూ హైడ్రాక్సైడ్ అయాన్ గాఢతనూ గుణిస్తే 10⁻¹⁴ వస్తుంది. ఒకటి పెరిగితే రెండోది తగ్గాల్సిందే. లెక్కలు చేసే పద్ధతి చూద్దాం.

0.01 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం: పూర్తిగా విడిపోతుంది, హైడ్రోజన్ అయాన్లు 10⁻², పీహెచ్ 2.

0.01 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్: హైడ్రాక్సైడ్ అయాన్లు 10⁻², కాబట్టి హైడ్రోజన్ అయాన్లు 10⁻¹², పీహెచ్ 12.

మొదటి ద్రావణాన్ని పది రెట్లు పలచన చేస్తే పీహెచ్ 3, మళ్లీ పది రెట్లు చేస్తే 4. అలా చేసుకుంటూ పోతే 8 వస్తుందా? రాదు. ఎన్ని నీళ్లు పోసినా ఆమ్లం క్షారంగా మారదు. గాఢత బాగా పడిపోయాక నీరు తానే ఇచ్చే అయాన్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి. 10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ 8 కాదు, 7 కంటే రవ్వంత తక్కువ.

గుర్తుపెట్టుకోదగ్గ విలువలు కొన్ని: రక్తం 7.35 నుంచి 7.45 మధ్య. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరగడం వల్ల కాలుష్యం లేని వాన నీరు కూడా సుమారు 5.6. నోట్లో పీహెచ్ 5.5 కంటే తగ్గితే పంటిపై ఎనామిల్ కరగడం మొదలవుతుంది. తీపి తిన్నాక నోరు పుక్కిలించమని పెద్దవాళ్లు చెప్పేది ఇందుకే. నోటిలోని బ్యాక్టీరియా చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది.

4. బలం వేరు, గాఢత వేరు

గాఢత అంటే లీటరు ద్రావణంలో ఎంత ఆమ్లం కలిపాం అన్నది. అది మన చేతిలో ఉంటుంది. బలం అంటే ఒకే గాఢత దగ్గర పోల్చినప్పుడు, కలిపిన ఆమ్లంలో ఎంత భాగం అయాన్లుగా విడిపోతుంది అన్నది. అది ఆమ్లం స్వభావం, మనం మార్చలేం.

0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో దాదాపు అన్ని అణువులూ విడిపోతాయి. పీహెచ్ 1. అదే 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లంలో (వెనిగర్‌లో ఉండేది ఇదే) ప్రతి వంద అణువుల్లో ఒకటి, కాస్త పైన మాత్రమే విడిపోయి ఉంటుంది. పీహెచ్ 2.9. గాఢత ఒకటే, బలం వేరు.

మిగతా తొంభై ఎనిమిది ఎక్కడికీ పోలేదు, ద్రావణంలోనే ఉన్నాయి. క్షారం పోసి విడిపోయిన అయాన్లను తీసేస్తే, వాటి స్థానంలోకి మరికొన్ని విడిపోతాయి. అవీ అయిపోతే ఇంకొన్ని. ఇంటి నిండా జనం ఉన్నా వీధిలో ఇద్దరే కనిపిస్తున్నట్టు: పీహెచ్ వీధిలో ఉన్నవాళ్లను మాత్రమే లెక్కపెడుతుంది, తటస్థీకరణం ఒక్కొక్కరినీ బయటికి పిలిచి ఇంట్లోవాళ్లందరినీ లెక్కపెడుతుంది.

ఈ వ్యాసం మొత్తంలో ఒక్క పేరానే గుర్తుపెట్టుకోగలిగితే, పైన ఉన్నదాన్నే గుర్తుపెట్టుకోండి.

5. తటస్థీకరణం, దాని చుట్టూ ఉన్న చర్యలు

ఆమ్లం + క్షారం → లవణం + నీరు. పేర్లు ఎన్ని మారినా అసలు జరిగేది ఒక్కటే: హైడ్రోజన్ అయాన్ + హైడ్రాక్సైడ్ అయాన్ → నీరు. లవణంలోని మిగతా అయాన్లు ప్రేక్షకులు.

కార్బనేట్‌తో ఆమ్లం కలిస్తే లవణం, నీటితోపాటు కార్బన్ డయాక్సైడ్ కూడా వస్తుంది. గుడ్డు పెంకు మీద వెనిగర్ పోస్తే వచ్చే బుడగలు అవే. బడిలో వాడే సుద్దముక్క మీద పోస్తే బుడగలు రాకపోవచ్చు, గాబరా పడకండి. చాలా సుద్దముక్కలు జిప్సంతో, అంటే కాల్షియం సల్ఫేట్‌తో చేస్తారు. అది కార్బనేట్ కాదు.

లోహంతో ఆమ్లం కలిస్తే లవణం, హైడ్రోజన్ వాయువు. జింక్, ఇనుము, మెగ్నీషియం ఈ పని చేస్తాయి, రాగి చేయదు. మరి రాగి ఎక్కువగా ఉండే ఇత్తడి గిన్నెలో పులుసు ఎందుకు పెట్టకూడదంటారు? రాగి ఆమ్లం నుంచి హైడ్రోజన్‌ను తరమలేదు, నిజమే. కానీ గాలిలోని ఆక్సిజన్ తగిలి రాగిపై ఆక్సైడ్, తేమకు చిలుము ఏర్పడతాయి. అవి క్షార గుణమున్నవి కాబట్టి చింతపండులోని టార్టారిక్ ఆమ్లంలో కరిగిపోతాయి. ఇత్తడి చెంబును చింతపండుతో తోమితే తళతళలాడేది ఇందువల్లే. అదే చర్య గిన్నె లోపల జరిగితే రాగి లవణాలు కూరలోకి చేరతాయి, వాంతులు అవుతాయి. ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించే అలవాటు అందుకే పుట్టింది. తగరం పూత పులుసుకూ ఇత్తడికీ మధ్య అడ్డుగోడ.

సమీకరణాలు తుల్యం చేసేటప్పుడు ఒక్కో అణువు ఎన్ని హైడ్రోజన్ అయాన్లు ఇస్తుందో చూసుకోండి. హైడ్రోక్లోరిక్, ఎసిటిక్ ఆమ్లాలు ఒకటి, సల్ఫ్యూరిక్, టార్టారిక్ రెండు, సిట్రిక్ మూడు. క్షారాల్లో సోడియం హైడ్రాక్సైడ్ ఒక హైడ్రాక్సైడ్, కాల్షియం హైడ్రాక్సైడ్ రెండు.

6. వెనిగర్ గాఢతను కొలవడం

దీన్ని అంశమాపనం అంటారు. తెలిసిన గాఢత ఉన్న క్షారాన్ని కొంచెం కొంచెంగా పోస్తూ, ఆమ్లం సరిగ్గా ఎక్కడ అయిపోయిందో సూచికతో పట్టుకోవడం.

కావలసినవి: తెల్ల వెనిగర్, తాంబూలంలో వేసుకునే తెల్ల సున్నం (రంగు, వాసన కలపనిది), పసుపు సూచిక, 10 మి.లీ. సిరంజీలు రెండు, 5 మి.లీ. సిరంజీ ఒకటి, గాజు గ్లాసులు, తెల్ల కాగితం, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్. బోరు నీళ్లు వద్దు. వాటిలోని బైకార్బనేట్లు కొంత ఆమ్లాన్ని ముందే తినేస్తాయి.

సున్నపు తేట: లీటరు సీసాలో ఒక చెంచా సున్నం వేసి, మూతిదాకా డిస్టిల్డ్ వాటర్ పోసి, మూత బిగించి బాగా కుదిపి రాత్రంతా కదపకుండా ఉంచండి. అడుగున కరగని సున్నం మిగలాలి. మిగిలిందంటే నీళ్లు తీసుకోగలిగినంతా తీసుకున్నాయని, అంటే సంతృప్త ద్రావణం తయారైందని అర్థం. పొద్దున్నే పైన తేటను నిదానంగా వేరే సీసాలోకి వంచుకోండి. మూత తెరిచి ఉంచితే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి పైన తెల్లని పొర కడుతుంది. అది కాల్షియం కార్బనేట్. ఆ మేరకు తేట బలహీనపడుతుంది, కాబట్టి వాడనప్పుడు మూత పెట్టే ఉంచండి.

మన ఊళ్లలో ఉండే వేడిలో లీటరు నీటిలో సుమారు 1.6 గ్రాముల కాల్షియం హైడ్రాక్సైడ్ కరుగుతుంది. వేడి పెరిగేకొద్దీ తక్కువ కరిగే అరుదైన పదార్థాల్లో ఇదొకటి. ఒక మోల్ 74 గ్రాములు కాబట్టి 1.6 ÷ 74 = 0.0216 మోలార్. ఒక్కోదానికి రెండు హైడ్రాక్సైడ్లు, అంటే లీటరుకు 0.043 మోల్ హైడ్రాక్సైడ్ అయాన్లు. కొలిచే కర్ర తయారైంది.

వెనిగర్‌ను పలచన చేయడం: 5 మి.లీ. వెనిగర్‌కు 95 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలపండి. 20 రెట్లు పలచనైంది. దీన్ని సిరంజీతోనే కొలవండి, చెంచాలతో వద్దు. ఇక్కడ చేసిన చిన్న పొరపాటు చివర 20తో గుణించినప్పుడు పెద్దదవుతుంది. పలచన ఎందుకంటే, సున్నపు తేట గాఢత చాలా తక్కువ. వెనిగర్‌ను అలాగే తీసుకుంటే 10 మి.లీ. వెనిగర్‌కే 150 మి.లీ. పైగా తేట కావాలి.

అసలు పని: పలచన వెనిగర్ 10 మి.లీ. గ్లాసులోకి తీసుకుని ఐదు చుక్కల పసుపు సూచిక వేయండి. గ్లాసు కింద తెల్ల కాగితం పెట్టండి. రెండో సిరంజీలో బుడగ లేకుండా 10 మి.లీ. సున్నపు తేట నింపండి. గ్లాసును గుండ్రంగా తిప్పుతూ తేటను వదలండి. మొదట్లో ఒక్కో మి.లీ. చొప్పున వేసినా ఫర్వాలేదు. చుక్క పడినచోట ఎర్రటి మరక కనిపించి వెంటనే మాయమవుతుంది. 5 మి.లీ. దాటాక ఆ మరక మాయమవడానికి ఎక్కువసేపు పడుతుంది. అప్పటినుంచి చుక్క చుక్కగానే వేయాలి. ఒక చుక్కతో గ్లాసంతా నారింజ ఎరుపుకు తిరిగి అర నిమిషం పాటు అలాగే నిలిస్తే, ఆగి సిరంజీ గీత చదవండి. ఆ తర్వాత కాసేపటికి రంగు వెనక్కి పోయినా పట్టించుకోకండి, అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పని.

మొదటిసారి ఎలాగూ హద్దు దాటిపోతుంది. అది ఉజ్జాయింపుగా పనికొస్తుంది. ఆపైన మూడుసార్లు చేయండి. మూడూ 0.2 మి.లీ. తేడా లోపల ఉంటే సగటు తీసుకోండి. ఒక్కటి దూరంగా ఉంటే మళ్లీ చేయండి. నచ్చిన సంఖ్యను ఉంచుకుని నచ్చనిదాన్ని కొట్టేయడం మాత్రం వద్దు.

లెక్క: సగటు 7.8 మి.లీ. వచ్చిందనుకుందాం.

హైడ్రాక్సైడ్: 7.8 × 0.043 = 0.335 మిల్లీమోల్ (మిల్లీమోల్ అంటే మోల్‌లో వెయ్యో వంతు). తటస్థమైన ఆమ్లమూ అంతే.

పలచన వెనిగర్ గాఢత: 0.335 ÷ 10 = 0.0335 మోలార్.

అసలు వెనిగర్: 0.0335 × 20 = 0.67 మోలార్.

ఎసిటిక్ ఆమ్లం ఒక మోల్ 60 గ్రాములు. 0.67 × 60 = లీటరుకు 40 గ్రాములు. అంటే 4 శాతం.

ఇప్పుడు సీసా మీద లేబుల్ చూడండి, లెక్క ముందు కాదు. దుకాణాల్లో దొరికే వెనిగర్ సాధారణంగా 4 శాతం దగ్గరలో ఉంటుంది. మీకు 3.5 నుంచి 4.5 మధ్య వస్తే, ఇంటి సామాన్లతో చేసిన కొలతకు అది మంచి ఫలితమే. బాగా తేడా వస్తే ముందుగా తేటనే అనుమానించండి: రాత్రంతా తేరనిచ్చారా, అడుగున సున్నం మిగిలిందా, మూత తీసి ఉంచారా అని చూసుకోండి.

ఇక్కడ పసుపే ఎందుకు వాడాం? బలహీన ఆమ్లం, బలమైన క్షారం కలిస్తే వచ్చే లవణం తటస్థంగా ఉండదు, కొంచెం క్షారగుణం చూపిస్తుంది. ఎసిటేట్ అయాన్ నీటి నుంచి కొంత ప్రోటాన్ వెనక్కి లాక్కోవడమే కారణం. అందువల్ల ఆమ్లం సరిగ్గా అయిపోయే చోటు పీహెచ్ 7 కాదు, మన గ్లాసులో 8.5 దగ్గర. పసుపు మారేది ఆ చుట్టుపక్కలే. ల్యాబ్‌లో ఇదే పనికి ఫినాఫ్తలీన్ అనే సూచిక వాడతారు. 3 నుంచి 4.5 మధ్య మారే మిథైల్ ఆరెంజ్ వేస్తే, ఇంకా బోలెడు ఆమ్లం మిగిలి ఉండగానే అయిపోయిందని చెప్పేస్తుంది. మందార రంగు నెమ్మదిగా మారుతూ పోతుంది, ఫలానా చుక్క దగ్గర అని తేల్చి చెప్పడం కష్టం.

7. రెండు కొలతలనూ పక్కపక్కన పెట్టండి

0.67 మోలార్ వెనిగర్ పీహెచ్ సుమారు 2.5. అదే పీహెచ్ ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం కావాలంటే లీటరుకు 0.003 మోల్ పైచిలుకు చాలు. పీహెచ్ కాగితం రెండింటికీ ఒకే రంగు చూపిస్తుంది. ఇప్పుడు రెండింటినీ 10 మి.లీ. చొప్పున తీసుకుని సున్నపు తేట పోస్తే, హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి 1 మి.లీ. కూడా పట్టదు. వెనిగర్‌కు 150 మి.లీ. పైగా పడుతుంది. రెండు వందల రెట్ల తేడా. వెనిగర్ బలహీనమైనదే, కానీ ఆ హైడ్రోక్లోరిక్ ద్రావణం కంటే ఎంతో గాఢమైనది.

ఇంకోటి గమనించండి. హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని 20 రెట్లు పలచన చేస్తే పీహెచ్ 1.3 పెరుగుతుంది. వెనిగర్‌ను 20 రెట్లు పలచన చేస్తే 2.5 నుంచి 3.1 వరకే పెరుగుతుంది. నీళ్లు పెరిగేకొద్దీ అంతవరకూ విడిపోని అణువులు మరికొన్ని విడిపోవడమే కారణం.

8. నిమ్మరసంతో మీరే చేయండి

నిమ్మరసాన్ని గింజలు, గుజ్జు లేకుండా పల్చటి గుడ్డలో వడగట్టి, 5 మి.లీ. రసానికి 95 మి.లీ. నీళ్లు కలిపి అదే పద్ధతిలో నడిపించండి. ఒక్కచోటే మార్పు: సిట్రిక్ ఆమ్లం మూడు హైడ్రోజన్ అయాన్లు ఇస్తుంది, కాబట్టి హైడ్రాక్సైడ్ మిల్లీమోల్‌లను మూడుతో భాగించాలి. ఒక మోల్ 192 గ్రాములు. తేట 10 మి.లీ. పట్టిందనుకుంటే 10 × 0.043 = 0.43 మిల్లీమోల్, పదితో భాగిస్తే 0.043, 20తో గుణిస్తే 0.86, మూడుతో భాగిస్తే 0.287 మోలార్, 192తో గుణిస్తే లీటరుకు 55 గ్రాములు. సుమారు 5.5 శాతం. కొన్ని కాయలకు ఒక సిరంజీ చాలదు, రెండోసారి నింపాల్సి వస్తుంది. మొదటి 10 మి.లీ.ని లెక్కలో కలపడం మరిచిపోకండి. పచ్చికాయ, బాగా పండిన కాయ, ఫ్రిజ్‌లో వారం ఉన్న కాయ మూడింటికీ విడివిడిగా చేసి, తేదీతో సహా నోట్‌బుక్‌లో రాసుకోండి.